ఎర్ర రొయ్యలున్న ఇల్లు

మండపేట,
జులై 6, 2024

అత్తయ్యగారికి,

మీ కోడలు సారిక వందనాలతో రాస్తున్నది. దేవుని దయ వల్ల ఇక్కడ ఆయనా, మెర్సీ, నేనూ బాగున్నాం. మీ చెవి మిషను మళ్లీ కూత పెడుతోందని చిన్నత్తయ్యగారు ఫోనులో చెప్పారు. ఫోను మీకిమ్మంటే నా మాట మీకు అందదు, మీరు విసుక్కుంటారు. అందుకే మీరన్నట్టు పెద్ద అక్షరాలతో ఉత్తరం రాస్తున్నాను.

మెర్సీ రెండో తరగతికి వచ్చింది. వేసవి సెలవుల్లో మీరు నేర్పిన కీర్తన పోయిన ఆదివారం సండే స్కూల్లో తప్పు లేకుండా చెప్పింది.

మీ అబ్బాయి విశయం ఒకటి రాయాలి. రైసుమిల్లు ఆఫీసు నుంచి రాగానే చొక్కా కూడా మార్చుకోకుండా రొయ్యల దగ్గరికి వెళ్లిపోతున్నారు. వేసవిలో మొదలుపెట్టిన రొయ్యల పెంపకం ఇప్పుడు మూడు తొట్లయింది. నీళ్లలో ఉప్పెంత, వేడెంత అని పొద్దస్తమానం కొలతలే. నిన్న నేను పప్పుకని కొన్న పాలకూర నా పప్పుగిన్నెలోనే ఉడకబెట్టి వాటికి వేశారు. అడుగున పచ్చటి జిగురు మిగిలిన గిన్నెను సింకులో పడేశారు. తోమాను, మళ్లీ తోమాను. అయినా అందులో వండి పిల్లకు పెట్టబుద్ధి కాలేదు. ఆ గిన్నె ఇక రొయ్యలకే వదిలేశాను.

మీ కాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? చిన్నత్తయ్యగారిని అడిగినట్టు చెప్పండి.

మీ కోడలు,
సారిక


ఆత్రేయపురం,
జులై 15

చిరంజీవి సారికను ఏసమ్మ ఆశీర్వదించి రాయునది.

ఉత్తరం అందింది. అక్షరాలు గుండ్రంగా బాగున్నాయి కానీ 'విషయం'లో ష బదులు శ రాశావు. ఇన్నేళ్లు పిల్లల పలకలు దిద్దిన కన్ను, ఊరుకోదు.

రమేష్ బాబు రొయ్యల్లోకి దిగాడని చదివాక నాకు కాళ్ల నొప్పులు గుర్తు లేవు. ఎన్నాళ్లని ఆ మిల్లులో తవుడు దుమ్ము పీలుస్తాడు? మా వీధి చివర పల్లంరాజుగారు రొయ్యలు వేసే మేడ కట్టారు. తెల్లమచ్చ తెగులు తగిలితే మాత్రం చెరువు చెరువంతా తేలిపోతుందట, జాగ్రత్తగా ఉండమను. తొట్లు ఎక్కడ కట్టించాడు, ఊరి బయటేనా? మిల్లుకు సెలవు పెట్టాడా, మానేశాడా? రొయ్యలకు పాలకూర వేస్తారని నేను ఎప్పుడూ వినలేదు. కొత్త పద్ధతి కాబోలు.

ఆదివారం గుడిలో లేచి నిలబడి, నా కొడుకు చేపట్టిన పని కోసం ప్రార్థన చేయించాను. అందరూ సంతోషించారు. మొదటి పట్టుబడిలో కాస్త రొయ్యల పచ్చడి పట్టి పంపు. పాస్టరమ్మగారికి ఇస్తానని మాటిచ్చాను.

గిన్నె కోసం బాధపడకు. నీచు వ్యాపారం అన్నాక వాసన తప్పదు.

ఏసమ్మ


మండపేట,
జులై 20

అత్తయ్యగారికి వందనాలు.

మీ ఉత్తరం చదివి ఆయన పడీ పడీ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. అత్తయ్యగారూ, ఇవి తినే రొయ్యలు కావండి. చెరువూ లేదు, వ్యాపారమూ లేదు, ఆయన మిల్లూ మానలేదు. మా ముందు గదిలో గాజు అక్వేరియాలు మూడు పెట్టుకుని, వాటిలో గోరంత రొయ్యలను చూడ్డానికి పెంచుతున్నారు. మిరపపండులా ఎర్రగా ఉండేవి కొన్ని, ఒంట్లో పేగు బయటికి కనపడేవి కొన్ని. అక్వేరియంలో పట్టిన పాకుడు తిని గాజును శుభ్రంగా ఉంచుతాయట. పాకుడు పట్టడానికి ఆయనే లైట్లు వేస్తారు. పట్టాక దాన్ని తినడానికి ఇంకా కొన్ని రొయ్యలు తెప్పిస్తారు. ఇందులో శుభ్రం ఎక్కడుందో నాకు ఇంతవరకు కనపడలేదు.

చూస్తే ముచ్చటగా ఉంటాయని వచ్చినవాళ్లు అంటారు. నాకు ఒళ్లు జలదరిస్తుంది. ఒక్క క్షణం ఊరుకోవు. ముందున్న సన్నటి కాళ్లతో గీకడం, నోట్లో పెట్టుకోవడం, మళ్లీ గీకడం. కుబుసం విడిస్తే ఆ కుబుసాన్నీ తింటాయి. ఒకటి చస్తే మిగతావి దాని మీద చేరి లోపలంతా తినేసి పెంకు వదిలేస్తాయి. ఆయన మెర్సీని పిలిచి మరీ చూపించారు. "చూడమ్మా, ఎంత నీటుగా క్లీన్ చేస్తున్నాయో" అన్నారు. పిల్ల ఆ పూట అన్నం ముట్టలేదు.

నీళ్లు మార్చేటప్పుడు రబ్బరు గొట్టం నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఒక్కోసారి ఆ నీళ్లు నోట్లోకి వచ్చేస్తాయి. ఉమ్మేసి, తుండుతో మూతి తుడుచుకుని, కాఫీ అడుగుతారు. బాదం ఆకులు వేస్తే వాటికి మంచిదని ఎక్కడెక్కడివో ఏరుకొచ్చి మా మంచం మీద ఆరబెడతారు. పోయిన వారం తొట్లో తెల్లటి సన్న పురుగులు పుట్టాయి. గాజు మీద చీమిడిలా జారుతుంటాయి. వాటిని పట్టడానికి కోడి కార్జం ముక్క ఎర వేశారు. మిగిలిన కార్జం మూత లేని డబ్బాలో పెట్టి, ఫ్రిజ్‌లో పాల ప్యాకెట్ పక్కన ఉంచారు.

అన్నం ముందు కూర్చుంటే కడుపులో తిప్పుతోంది. పొద్దున్నే ఆ గది దాటి వంటింట్లోకి వెళ్లేసరికి వాంతి వచ్చినంత పనవుతోంది. మీతో కాక ఎవరితో చెప్పుకోను.

సారిక


ఆత్రేయపురం,
జులై 29

నా తల్లి సారికకు,

నీ ఉత్తరంలో చివరి నాలుగు ముక్కలు చదివి రత్నమాణిక్యాన్ని కేకేశాను. నా చెల్లెలు నాకన్నా తెలివైనది కదా, అదీ చదివి నవ్వింది. నువ్వు సిగ్గుపడి రొయ్యల చాటున చెప్పావు గానీ, మేమూ పిల్లల్ని కన్నవాళ్లమే, ఆ మాత్రం అర్థం కాదా? మెర్సీ పుట్టిన ఇన్నాళ్లకు దేవుడు నిన్ను జ్ఞాపకం చేసుకున్నాడు. ఆదివారం మళ్లీ లేచి నిలబడి కృతజ్ఞత చెప్పాను. మీ మండపేట పాస్టరమ్మగారికి రత్నమాణిక్యం ఫోను కూడా చేసేసింది.

ఈ స్థితిలో ఏ వాసనా పడదు. రమేష్ కడుపులో ఉన్నప్పుడు నాకు ఉడికే అన్నం వాసన పడేది కాదు. మూత తీస్తే పెరట్లోకి పరుగెత్తేదాన్ని. తప్పు అన్నానిది కాదు కదా. నీ రొయ్యలూ అంతే.

ఇంకో మాట. మీ మావయ్యగారి సాయంత్రాలు ఎక్కడ గడిచేవో నీకు తెలుసు. ఆయన అడుగుల చప్పుడు వీధిలో వినపడితే నేనూ పిల్లాడూ మాట్లాడటం ఆపేసేవాళ్లం. ఆ పిల్లాడు ఇవాళ పని నుంచి నేరుగా ఇంటికొచ్చి నీళ్లకేసి చూస్తూ కూర్చుంటున్నాడంటే నాకది చాలు. వాణ్ణి కదపకు.

మా ఊరి ఆటో బుల్లబ్బాయి మండపేట వస్తున్నాడు, అతని చేత ఉసిరికాయ పచ్చడి పంపుతున్నాను. వేడన్నంలో కలుపుకుని తిను. బరువులు ఎత్తకు.

ఏసమ్మ


మండపేట,
ఆగస్టు 6

అత్తయ్యగారికి,

నేను గర్భవతిని కాను.

ఆదివారం గుడి మెట్ల దగ్గర ఆడవాళ్లు చుట్టూ చేరి ఎన్నో నెల అని అడిగారు. కాదంటే సిగ్గనుకున్నారు. నాకు వాంతి వచ్చినట్టుండటం రొయ్యల మూలంగానే, అందులో చాటు ఏమీ లేదు. పచ్చడి బాగుంది.

ఇప్పుడు రాసేది మీరు నిదానంగా చదవాలి. రొయ్యలు పెరిగిపోయి తొట్లో నాచు చాలడం లేదట. డాబా మీద ప్లాస్టిక్ టబ్బుల్లో నీళ్లు పోసి, గులకరాళ్లు వేసి, ఎండకు నాచు పట్టిస్తున్నారు. మొన్న బట్టలు ఆరేయడానికి వెళ్లి తొంగి చూశాను. పచ్చటి నీళ్లు, పైన మీగడలా తెట్టు. ఆ తెట్టు కింద దోమ పిల్లలు తలకిందులుగా వేలాడుతున్నాయి. టబ్బు కాస్త కదిలేసరికి నీళ్లంతా గిలగిలలాడింది. నా చేతిలో ఉతికిన బట్టలు అక్కడే పడేసి కిందికి వచ్చేశాను.

పారబోద్దామంటే ఆయన ఒప్పుకోలేదు. "నాచు పట్టడానికి ఎన్నాళ్లు పడుతుందో తెలుసా? ముట్టుకోకు" అన్నారు. ఇంట్లో దోమల చక్రం వెలిగించకూడదు. ప్లగ్గులో పెట్టే మందు వద్దు, స్ప్రే వద్దు. ఆ గాలి నీళ్లకు తగిలితే రొయ్యలు చస్తాయట.

"మరి పిల్లో?" అన్నాను.

"ఫ్యాన్ పెంచు" అన్నారు.

శుక్రవారం వార్డు సచివాలయం నుంచి, దోమల కోసం ఇంటింటికీ నీళ్ల తొట్లు చూసే అమ్మాయి వచ్చింది. డాబా తలుపు తాళంచెవి పోయిందని చెప్పి పంపేశారు. తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. పొగ మందు కొట్టేవాళ్లను మా మెట్లెక్కనివ్వలేదు. కింది వాటాలో ఉండే ఇంటివారు అన్నపూర్ణమ్మగారు పైకొచ్చి, "మా మనవడికి ఒళ్లంతా దద్దుర్లండి రమేష్ గారూ, మీ డాబా మీద ఏం పెట్టారండి?" అని అడిగారు. ఈయన నవ్వుతూ, "కాలవ పక్క ఇల్లు కదండీ, దోమలుంటాయండి మరి" అన్నారు. రొయ్యలను చూసినప్పుడు కూడా నాకు కలగనంత రోత ఆ నవ్వు చూస్తే కలిగింది.

మెర్సీ కాళ్లు చూస్తే మీరు తట్టుకోలేరు. మీ మాటంటే ఆయనకు గురి. టబ్బులు తీసేయమని ఒక్క ముక్క రాయండి.

సారిక


ఆత్రేయపురం,
ఆగస్టు 14

సారికకు,

ఉత్తరం అందింది. పచ్చడి బాగుందన్నందుకు సంతోషం. మిగతాదాంట్లో సంతోషించడానికి ఏమీ లేదు.

నేను గుడిలో రెండుసార్లు లేచి నిలబడ్డాను. మొదటిసారి చెరువు లేదన్నావు, రెండోసారి బిడ్డ లేదన్నావు. ఇక్కడ నా మొహం ఎక్కడ పెట్టుకోను? ఏ సంగతైనా మొదటే విడమరిచి రాస్తే నాకీ తలవంపులు ఉండేవి కావు.

దోమలు గోదావరి పక్కన ఎవరింట్లో లేవు? దోమతెర కట్టు. పిల్ల కాళ్లకు కొబ్బరినూనె రాయి. ఇంటివాళ్లు ఎప్పుడూ ఏదో ఒకటి అంటూనే ఉంటారు.

నన్ను బాధపెట్టింది అది కాదు. రోత అని రాశావు. కట్టుకున్నవాడి నవ్వుకు వాడే మాటేనా అది? తాగి వాకిట్లో పడిన మనిషిని లేపి, కక్కింది కడిగి, మంచం మీద పడుకోబెట్టిన చేతులు ఇవి. నేను ఏనాడూ ఆ మాట అనలేదు. నా కొడుకు చుక్క ముట్టడు, చెయ్యెత్తడు. నీళ్లలో రెండు పురుగుల్ని పెంచుకుంటుంటే వాడి మీద అత్తగారికి చాడీలు రాస్తావా?

వాడికి నేనేమీ రాయను. ఇకమీదట రొయ్యలు కాక వేరే సంగతులుంటే రాయి.

ఏసమ్మ


రాజమండ్రి,
సెప్టెంబరు 2

అత్తయ్యగారికి,

మెర్సీకి డెంగీ వచ్చింది. ఇప్పుడు ప్రాణానికి భయం లేదని డాక్టరుగారు పొద్దున్నే చెప్పారు. అది ముందు చదవండి, తర్వాత మిగతాది చదవండి.

చిన్నత్తయ్యగారికి ఫోను చేస్తే మీ దాకా సగమే వస్తుంది. ఇది మీరే మొత్తం చదవాలి. ఆసుపత్రి దగ్గర బుల్లబ్బాయి ఆటో కనపడింది, అతని చేతికిస్తున్నాను. రొయ్యల సంగతి రాయొద్దన్నారు. రాయక తప్పడం లేదు.

జ్వరం తగ్గినట్టే తగ్గి, పిల్ల చిగుళ్ల నుంచి నెత్తురు వచ్చింది. పొట్ట మీద, కాళ్ల మీద ఎర్రటి చుక్కలు. మండపేట డాక్టరుగారు చూసి వెంటనే రాజమండ్రి తీసుకెళ్లమన్నారు. ఇక్కడ చేర్చాక ఆయన రోజూ స్నానానికని ఇంటికి వెళ్లేవారు. వచ్చేటప్పటికి చొక్కా చేతులు మోచేతుల దాకా తడిసి ఉండేవి, దగ్గరికొస్తే పాచి కంపు. నేను అడగలేదు. అడిగితే చెప్తారని భయం.

శనివారం పిల్లకు ప్లేట్‌లెట్లు ఎక్కించాలన్నారు. సంతకానికి ఆయన కోసం చూస్తే లేరు. ఫోను చేస్తే, "బస్ కాంప్లెక్స్ దగ్గరున్నా, పార్సిల్ వచ్చింది, ఇప్పుడే వస్తా" అన్నారు. నేనే సంతకం పెట్టాను. పిల్ల తల దగ్గర స్టాండుకు పసుప్పచ్చటి సంచి తగిలించారు, ఎక్కుతోంది. నాకు కళ్లు మూతలు పడ్డాయి. తెరిచి చూస్తే ఆ స్టాండుకే రెండో కొక్కేనికి ఇంకో ప్లాస్టిక్ సంచి వేలాడుతోంది. సగం నీళ్లు, సగం గాలి. లోపల చిన్న చిన్నవి ఈదుతున్నాయి.

నర్సమ్మ లోపలికి వచ్చి ఆగిపోయింది. "ఇదేంటి సార్?"

"రొయ్యలండి. చెన్నై నుంచి వచ్చాయి. బయట ఎండకు పోతాయండి. ఇక్కడ ఏసీ ఉంది కదా, ఒక్క గంట ఉంచుకుంటానండి."

ఆ మాటలకు మెర్సీ కళ్లు తెరిచింది. పైకి చూసింది. తన చేతిలోకి దిగుతున్న గొట్టం చూసుకుంది. మెల్లగా, "అమ్మా, అవి నాలోకి వస్తాయా?" అని అడిగింది.

నర్సమ్మ ఆ సంచి తీసి గుమ్మం బయట పెట్టింది. ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "కంగారు పడకు" అన్నారు. బాత్రూంలోకి వెళ్లి కక్కుకున్నాను. దీన్ని మీరు ఏమనుకుంటారో అనుకోండి.

సారిక


మండపేట,
సెప్టెంబరు 11

సారికా,

నువ్వూ మెర్సీ ఆత్రేయపురంలో రత్నమాణిక్యం దగ్గర, నా మంచం మీద ఉన్నారు. నేను మీ ఇంట్లో కూర్చుని రాస్తున్నాను. ఆసుపత్రిలో పిల్లను చూశాక నాకు నిన్ను ఇంటి తాళంచెవి అడిగి తీసుకోవడం తప్ప ఏమీ చేతకాలేదు.

తలుపు తీయగానే వాసన మొహాన కొట్టింది. చెవులు పోయాక నాకు ముక్కు బాగా పనిచేస్తుంది. ఎండిన కాలవలో చేప కుళ్లిన వాసన. మంచం మీద బాదం ఆకులున్నాయి. నీ దిండు మీద కూడా ఉన్నాయి. ఫ్రిజ్ తీసి మూసేశాను, అందులో ఏముందో నీకు రాయను. ముందు గదిలో దీపాలు మాత్రం పెళ్లిపందిరిలా వెలుగుతున్నాయి. తొట్ల దగ్గర కుర్చీ వేసుకుని చూశాను. నువ్వు రాసినట్టే గీకుతున్నాయి, తింటున్నాయి. ఒకటి కడుపు కింద గుడ్లు పట్టుకుని వాటిని కాళ్లతో కదుపుతోంది. నాకు చేతుల మీద వెంట్రుకలు లేచాయి.

అన్నపూర్ణమ్మగారిని పిలుచుకుని, తాళం పగలగొట్టించి డాబా ఎక్కాను. ఆవిడ ఒక పక్క, నేనొక పక్క పట్టుకుని టబ్బులన్నీ బోర్లించాం. గచ్చు మీద పచ్చటి జిగురు, అందులో లెక్కలేనన్ని దోమ పిల్లలు కొట్టుకుని, కొట్టుకుని, ఎండకు ఆగిపోయాయి. ఆ నీళ్లు నా చీర కుచ్చిళ్ల మీద పడ్డాయి. తలస్నానం చేశాను. అయినా ఆ పూట మెతుకు లోపలికి పోలేదు. కడుపులో తిప్పుతోందని నువ్వు రాస్తే నేను పచ్చడి పంపాను.

రమేష్ వచ్చాక చెవి మిషను పెట్టుకుని వాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను. "పొగ మందు వాళ్లను రమ్మన్నాను. లోపలి గదుల్లో కూడా కొడతారు. నీ రొయ్యలను ఎక్కడికైనా తీసుకుపోతే తీసుకుపో" అన్నాను. బతిమాలాడు. నేను వినలేదు. రాజమండ్రిలో సాయిరామ్ అని ఇలా రొయ్యలు పెంచుకునేవాళ్ల గుంపులో కుర్రాడున్నాడట, అతనికి ఫోను చేసి ఒక్కొక్క దాన్నీ వలతో ఎత్తి సంచుల్లోకి దింపాడు. ఎంత మెల్లగా దింపాడనుకున్నావు. నీళ్లు తొణకనివ్వలేదు. చూస్తూ ఉండలేక అడిగాను.

"ఈ చేతులు ఆసుపత్రిలో ఏమయ్యాయిరా?"

వల తొట్టి అంచున పెట్టి, "అక్కడ నాకేం చెయ్యాలో తెలీలేదమ్మా. ఆ గొట్టాలూ, ఆ నంబర్లూ. అక్కడ కూర్చుంటే ఊపిరాడేది కాదు. ఇక్కడైతే నీళ్లు మారిస్తే బతుకుతాయని తెలుసు" అన్నాడు.

"టబ్బుల్లో దోమ పిల్లలున్నాయని కూడా తెలుసు కదా?"

"తెలుసు."

"దాని కిందే పిల్ల పడుకుంటుందని?"

"తెలుసమ్మా" అని ఏడ్చాడు.

మీ మావయ్యగారు ఒళ్లు తెలియక చేశారని నేను ఇన్నేళ్లూ సరిపెట్టుకున్నాను. వీడు చుక్క తాగకుండా, ఒళ్లు తెలిసి, తాళంచెవి జేబులో పెట్టుకుని చేశాడు. కన్నకొడుకు ఎదుట కూర్చుని ఏడుస్తుంటే నాకు వాడి తల మీద చెయ్యి వేయబుద్ధి కాలేదు. నువ్వు రాసిన మాట సరైన మాటే. నాకు వేరే మాట దొరకలేదు.

గోడలకు సున్నం వేయిస్తున్నాను. నువ్వు రావాలనీ చెప్పను, రావద్దనీ చెప్పను. పిల్లకు బలం వచ్చేదాకా ఇక్కడి గురించి ఆలోచించకు.

ఏసమ్మ


ఆత్రేయపురం,
సెప్టెంబరు 23

అత్తయ్యగారికి వందనాలు.

మెర్సీకి ఆకలి పుట్టింది. చిన్నత్తయ్యగారు పక్కన కూర్చుని తినిపిస్తున్నారు. సాయంత్రాలు పక్కింటివాళ్ల అరుగు మీద కూర్చుని, వాళ్లు కుండ మీద పూతరేకులు తీస్తుంటే చూస్తోంది. ఇక్కడి బళ్లో మాట్లాడాను, అర్ధసంవత్సరం పరీక్షల దాకా కూర్చోబెట్టుకుంటామన్నారు.

నిన్న ఆరాధన అయ్యాక ఆయన వచ్చారు. మీరు పంపారా అని అడిగితే, తనంతట తనే వచ్చానన్నారు. మనిషి చిక్కిపోయారు. చిన్నత్తయ్యగారు మంచినీళ్లిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

"తొట్లు కూడా సాయిరామ్‌కి ఇచ్చేశాను" అన్నారు. "ఇల్లంతా కడిగించాం. ఇప్పుడు ఏ వాసనా లేదు. రా సారికా."

"ఇల్లు శుభ్రమైందంటే నమ్ముతానండి. నాలో రోత ఇంకా పోలేదు. మీరు తాగిన గ్లాసు నేను విడిగా పెట్టాను. చూశారో లేదో."

"చూశాను" అన్నారు.

"అది పోయిన రోజు వస్తాను. పోకపోతే ఆ సంగతీ చెప్తాను. మీరు ఆదివారాలు వచ్చి పిల్లను చూసి వెళ్లండి."

సరే అన్నారు. వాదించలేదు. వాదిస్తారనుకుని దాచుకున్న మాటలన్నీ నా దగ్గరే ఉండిపోయాయి.

మెర్సీ పక్కింటి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆయన, పక్కింటివాళ్లు పంపిన పళ్లెంలోంచి ఓ పూతరేకు తుంచి పిల్ల నోటి దగ్గర పెట్టారు. అది నోరు తెరవలేదు. ఆయన వేళ్లకేసి చూసింది.

"కడుక్కున్నావా నాన్నా?"

ఆయన లేచి పెరట్లో కుళాయి దగ్గరికి వెళ్లారు. సబ్బుతో మోచేతుల దాకా రుద్దుకున్నారు, కడుక్కున్నారు, మళ్లీ రుద్దుకున్నారు. తుడుచుకోకుండా తడి చేతులు ముందుకు చాచుకుని వచ్చి దాని ఎదురుగా కూర్చున్నారు. మెర్సీ వంగి ఒక అరచెయ్యి వాసన చూసింది. తర్వాత రెండోది చూసింది. నా వైపు తిరిగి, "సబ్బు వాసనే వస్తోందమ్మా" అని చెప్పింది.

ఆయన పూతరేకు మళ్లీ తీసి ఇచ్చారు. పిల్ల దాన్ని తన చేత్తో అందుకుని, పక్కకు జరిగి కూర్చుని, తనే తింది.

మీ కోడలు,
సారిక